యంత్రము దిద్దిన పత్రము

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరినప్పుడు ఏ విషయమును గూర్చి మాటాడవలెనని అడిగితిని. “పోయిన సంవత్సరము మీరు శ్రీనాథుని గూర్చి చెప్పినారు. ఈసారి పిల్లలు కూడ లేచిపోకుండ కూర్చుండునట్టి విషయమేదైన చూడుడు” అని వారు మృదువుగా సెలవిచ్చిరి. అందలి భావము నాకు బోధపడినది. మన కుటుంబములలోని పిల్లలు కదలక వినునట్టి విషయము పరీక్ష తప్ప మరియొకటి లేదు. ఈ హాలులో ఉన్న తలిదండ్రులలో ఎందరి ఇండ్లలోనో ఈ సంవత్సరమో, వచ్చు సంవత్సరమో ఏదో ఒక ప్రవేశపరీక్షకు కూర్చుండవలసినవారున్నారు. కావున విశ్వవిద్యాలయములలో బిట్ పేపర్లను యంత్రము ఎట్లు దిద్దునో, ఆ దిద్దుటలో యంత్రము పాలెంతయో, మనుష్యుని పాలెంతయో చెప్పుటకు నిశ్చయించుకొన్నాను.

నేను బి.ఏ. చదివినవాడను. చరిత్రయు, తెలుగును నా పాఠ్యాంశములు. కంప్యూటరుతో నాకు గల పరిచయము కార్యాలయములో ఫైలు నడపుటకు కావలసినంత మాత్రమే. అయినను ఈ విషయమును గూర్చి మాటాడుటకు నాకొక అర్హత కలదు. ఇందులో నేనొక తప్పు చేసితిని. ఆ తప్పుతోనే ప్రారంభించెదను.

మా అన్నయ్యగారి అమ్మాయి ఒక విశ్వవిద్యాలయములో ఎం.ఎస్సీ. చదువుచుండెను. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. చెప్పినందువలన మీకు లాభము లేదు, వారికి నష్టము కలదు. మొదటి సెమిస్టరులో ఒక పత్రము పూర్తిగా బిట్లు. 60 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి నాలుగేసి సమాధానములు, తప్పునకు మార్కుల కోత లేదు. ప్రక్కవాని కాగితము చూచి వ్రాయకుండుటకై ప్రశ్నల వరుస మార్చి ఏ, బీ, సీ, డీ అని నాలుగు సెట్లు ఇచ్చిరి. పది దినములలో ఫలితములు వచ్చినవి. మా అమ్మాయికి 60 కి 11 మార్కులు.

ఆ రాత్రి పదిగంటలకు ఫోను చేసినది. “బాబాయ్, నేనంత పాడుగా రాయలేదు. గదికొచ్చి పుస్తకం చూసుకున్నాను. నలభై దాటాలి” అన్నది. నేనేమి చెప్పితినో మీతో దాచను. “అమ్మా! దిద్దినది మాస్టరుగారైనచో అనుమానించవచ్చును. ఇది యంత్రము. దానికి నీ మీద కోపము లేదు, మరియొకరి మీద ప్రేమ లేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పును. జరిగినదానిని గూర్చి విచారింపక, ఈసారి శ్రద్ధగా చదువుకొనుము” అని పెద్దరికముతో హితవు పలికితిని. “సరే బాబాయ్” అని పెట్టివేసినది. తరువాత నెలదినముల వరకు ఫోను చేయలేదు. పిల్ల సరిగా భోజనము చేయుటలేదని మా వదినగారు మా ఇంటిదానితో చెప్పుకొని బాధపడిరట.

ఆ కథ అంతటితో ఆపి, యంత్రము సంగతికి వచ్చెదను. మిగిలినది దానిలోనే తేలును.

పరీక్షాపత్రములు దిద్దు యంత్రము నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రమున ఐరన్‌వుడ్ అను ఊరిలో రేనాల్డ్ జాన్సన్ అను సైన్సు ఉపాధ్యాయుడుండెను. చిన్నతనములో అతడు తన అక్కలను చూడవచ్చు యువకుల కార్లు కదలకుండ చేయుటకై ఇంజనులోని స్పార్కు ప్లగ్గుల మీద పెన్సిలుతో గీతలు గీచెడివాడట. నిప్పురవ్వ పుట్టవలసినచోట పుట్టక, విద్యుత్తు ఆ గీత వెంట జారిపోయెడిది. పెన్సిలులోని గ్రాఫైటు గుండ విద్యుత్తు ప్రవహించునన్న ఆ కొంటె జ్ఞానమే పెద్దవాడైన పిమ్మట పత్రములు దిద్దుటకు ఉపకరించినది. 1934 లో ఐ.బి.ఎం. సంస్థ అతనిని పనిలో చేర్చుకొన్నది. 1938 లో 805 అను సంఖ్యతో అతని యంత్రమును విక్రయమునకు పెట్టినది. జవాబుపత్రమును అందులో దూర్చగా లోపలి లోహపు కొనలు గడులను తాకును. సరియైన గడిలో పెన్సిలు గీత ఉన్నచో విద్యుత్తు ప్రవహించును. ఆ ప్రవాహపు మొత్తము ఎంతయో ఒక ముల్లు కదలి చూపించును. పనివాడు ముల్లు చూచి మార్కు వ్రాసికొనును. చేయి తిరిగినవాడు గంటకు 800 పత్రముల వరకు దిద్దగలిగెడివాడట. ఈ జాన్సనే తరువాత 1956 లో వెలువడిన తొలి హార్డ్ డిస్కు నిర్మాణమునకు నాయకత్వము వహించెను. మన ఆఫీసు కంప్యూటర్లలో ఫైళ్ళు పోయినప్పుడు ఎవరిని తలచుకొనవలెనో ఇప్పుడు తెలిసినది గదా!

1950ల మధ్యలో అయోవా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య లింక్విస్టు విద్యుత్తునకు బదులు వెలుతురును ఉపయోగించు యంత్రమును నిర్మింపజేసెను. కాగితము మీద వెలుతురు పడవేసి, ఏ గడి నల్లగా ఉన్నదో చూచు పద్ధతి అది. దానినే మన పిల్లలు ఓ.ఎం.ఆర్. అందురు. మన దేశములో సివిల్ సర్వీసుల పరీక్షకు ప్రిలిమినరీ అను బిట్ల పరీక్ష, కొఠారీ సంఘము సిఫారసు మీద, 1979 లో వచ్చినది. ఆంధ్రదేశమున ఎంసెట్ 1980లలో ప్రారంభమైనది. 2018 నాటికి ఉభయ తెలుగు రాష్ట్రములలోను ఆ పరీక్ష కాగితము విడిచి కంప్యూటరు తెర మీదికి పోయినది. అయినను కాగితము మీద గడులు నింపు పరీక్షలు విశ్వవిద్యాలయములలో నేటికిని కలవు. నేను వ్రాసిన శాఖాపరీక్షలో కూడ గడులు నింపితిని. చివరి అయిదు నిమిషములలో చేతివ్రేళ్ళు ఎట్లు వణకునో నాకు తెలియును.

ఒకప్పుడు ఇందుకు ప్రత్యేక యంత్రము, ప్రత్యేకమైన కాగితము, అచ్చులో వెంట్రుకవాసి తేడా రాకుండ చూచు ముద్రాలయము కావలసియుండెను. నేడు సామాన్యమైన స్కానరు, సామాన్యమైన కాగితము, ఉచితముగా లభించు సాఫ్ట్‌వేరు ఉన్న చాలును. నా మిత్రుడొకడు, గుంటూరు జిల్లావాడే, ఇక్కడి ఒక విశ్వవిద్యాలయములో గణితము బోధించుచున్నాడు. వాని ఇంటికి ఒక ఆదివారము కాఫీకని పోయి, నాలుగు గంటలు కూర్చుండిపోయితిని. వాని బల్ల మీద మూడువందలకు పైగా జవాబుపత్రములున్నవి. వాడు వాడునది ఆటో మల్టిపుల్ చాయిస్ అను సాఫ్ట్‌వేరు. ఫ్రాన్సు దేశీయుడగు అలెక్సీ బియాంవెన్యూ అను గణితవేత్త దానిని నిర్మించి, అందరి ఉపయోగమునకు ఉచితముగా విడిచెనట.

పని జరుగు తీరు చూడముచ్చటగా నుండెను. ఉపాధ్యాయుడు ప్రశ్నలను, సమాధానములను ఒక్కసారి వ్రాసి, ఏది సరియైనదో గుర్తుపెట్టి ఇచ్చును. ప్రశ్నల వరుసను, సమాధానముల వరుసను సాఫ్ట్‌వేరే కలిపి, ఎందరు విద్యార్థులో అన్ని రకముల పత్రములు తయారుచేయును. నాలుగు సెట్లు కావు. మూడువందల మందికి మూడువందల సెట్లు. ప్రతి పత్రము తలకట్టున దాని సంఖ్య చిన్న గడుల రూపములో అచ్చయియుండును. విద్యార్థి సెట్టు సంకేతము నింపనక్కరలేదు, నింపుట మరచిపోవుట అను ప్రమాదమును లేదు. నాలుగు మూలల నాలుగు నల్లని చుక్కలుండును. స్కానరులో కాగితము వంకరగా పోయినను సాఫ్ట్‌వేరు ముందుగా ఈ చుక్కలను వెదకి పట్టుకొని, వాటిని బట్టి పుటను సరిచేసికొని, ఏ గడి ఎక్కడ ఉండవలెనో లెక్కించును. మన ఇండ్లలో ముగ్గు వేయువారు ముందుగా చుక్కలు పెట్టుకొందురు గదా, అట్టిదే.

తరువాత అది ప్రతి గడిలోను నలుపు ఎన్నవ వంతున్నదో కొలచును. ఇంతకు మించి నలుపున్నచో నింపినట్లు, అంతకు తక్కువైనచో నింపనట్లు అని ఒక హద్దు పెట్టుకొనియుండును. ఆ హద్దు ఎవరు పెట్టినారు? యంత్రము కాదు. మొదట సాఫ్ట్‌వేరు వ్రాసినవాడు ఒకటి పెట్టినాడు, తరువాత నా మిత్రుడు దానిని మార్చినాడు. “దేనిని చూచి మార్చితివి?” అంటిని. “నా పిల్లల కలములను చూచి” అనెను. బాల్ పెన్నుతో గడిని అంచుల వరకు రుద్దువారు కొందరు, చిన్న టిక్కు పెట్టి ఊరకుండువారు కొందరు, గడి లోపల ఏమియు వ్రాయక చుట్టును సున్న చుట్టువారు మరికొందరు. టిక్కు పెట్టిన గడిలో నలుపు కొద్దిగనే ఉండును. హద్దు ఎక్కువ పెట్టినచో టిక్కులు పోవును, తక్కువ పెట్టినచో ఎరేజరుతో చెరిపిన మరకలు కూడ జవాబులుగా లెక్కకు వచ్చును.

ఈ సాఫ్ట్‌వేరులో నన్ను మెప్పించిన గుణము ఒకటి కలదు. హద్దునకు అటునిటుగా ఉన్న గడులు గల పుటలను అది దాచదు, ఎఱ్ఱగా చూపించును. ఆ గడుల బొమ్మలను వరుసగా తెర మీద పేర్చి పెట్టును. ఉపాధ్యాయుడు కంటితో చూచి, ఇది నింపినది, ఇది నింపనిది అని తన చేతితో జరుపవచ్చును. నేను చూచుచుండగా ఒక పత్రమునకు సున్న మార్కులని వచ్చెను. మిత్రుడు ఆ పుట తెరపించి పెద్దదిగా చేసి చూపెను. సిరా అయిపోవచ్చిన కలముతో సన్నని గీతలు; సగము గడి బయట, సగము లోపల. ఆ పిల్లవాడు అన్ని ప్రశ్నలకును బదులు చెప్పినాడు, యంత్రమునకు వినబడలేదు, అంతే. మిత్రుడు ఒక్కొక్క గడిని జరుపుచు పోగా అతడు సుఖముగా ఉత్తీర్ణుడయ్యెను. మరియొక పత్రములో ఒక ప్రశ్నకు రెండు గడులు నిండియున్నవి. దానిని మాత్రము మార్చలేదు. “రెండు నింపిన మార్కు లేదని పత్రము మీదనే అచ్చువేసినాను. యంత్రము చూడలేనిది చూచుట నా పని. ముందు చెప్పిన నియమమును ఒకరికొరకు మార్చుట నా పని కాదు” అనెను. కార్యాలయములో ఇరువది ఏండ్లు నియమముల నడుమ బ్రతికిన నాకు ఆ మాట నచ్చినది.

“ఐతే నీకు నిద్రపట్టకుండ చేయునది ఈ గడులేనా?” అని అడిగితిని. “కాదు. గడి తప్పిన ఒక్కరికి నష్టము. కీ తప్పిన అందరికి నష్టము. పైగా కీ తప్పు ఎఱ్ఱగా కనబడదు” అని, వాడు జేబులోనుండి రెండు రూపాయి బిళ్ళలు తీసి బల్ల మీద పెట్టెను.

పిల్లలు ఇచ్చట కొంచెము శ్రద్ధగా వినవలెను. 1982 మే నెలలో అమెరికాలో శాట్ అను ప్రవేశపరీక్షలో ఇట్టి ప్రశ్న వచ్చినది. ఒక చిన్న వృత్తము, ఒక పెద్ద వృత్తము. చిన్నదాని వ్యాసార్ధము పెద్దదానిలో మూడవవంతు. చిన్నది పెద్దదాని అంచు వెంట దొర్లుచు చుట్టివచ్చి, బయలుదేరిన చోటికి చేరునప్పటికి తనంతట తాను ఎన్ని చుట్లు తిరుగును? పరిధి మూడురెట్లు గనుక మూడు అని అందరికి తోచును. కీ సిద్ధపరచిన పండితులకును అట్లే తోచినది. నిజమైన సమాధానము నాలుగు. చుట్టుదారిని పోవుటచేతనే ఒక చుట్టు అదనముగా వచ్చును. నమ్మనివారు ఒకే కొలత గల రెండు బిళ్ళలు తీసికొని ఒకదాని చుట్టు రెండవదానిని దొర్లింపుడు. ఒక్క చుట్టు అనుకొందురు, రెండు తిరుగును. విశేషమేమనగా ఆ ప్రశ్నకు ఇచ్చిన సమాధానములలో నాలుగు అను సంఖ్యయే లేదు. పరీక్ష వ్రాసినవారు సుమారు మూడు లక్షలమంది. తప్పు అని వ్రాసి తెలిపినవారు ముగ్గురు విద్యార్థులు. ఆ ప్రశ్నను తొలగించి మార్కులను తిరిగి లెక్కించిరి. యంత్రము ఎంత నిక్కచ్చిగా దిద్దిననేమి? దిద్దినది తప్పు కీతో.

ఈ మాటల నడుమ, మాటకు మాటగా, మా అమ్మాయి సంగతి చెప్పితిని. అరువదికి పదునొకటి వచ్చినదని నేననగానే వాడు కాఫీకప్పు క్రింద పెట్టెను. “తప్పునకు కోత ఉన్నదా?” “లేదు.” “నాలుగేసి సమాధానములా?” “ఔను.” “ప్రశ్న చదువకుండ కన్నులు మూసికొని గడులు నింపినను నాలుగింట ఒకటి తగులునురా! అరువదిలో నాలుగవవంతు పదునైదు. చదివి వ్రాసిన పిల్లకు అంతకంటె తక్కువ వచ్చునా? ఒక్కరికి వచ్చెనన్నచో గ్రహచారము అనుకొందము. ఏ సెట్టు వ్రాసినది? ఆ సెట్టు వ్రాసినవారి గతి యేమి?”

నేను ఆ ప్రశ్న అడుగలేదు. హితవు పలికితిని గాని, ఏ సెట్టు అని అడుగలేదు. అక్కడనుండియే ఫోను చేసితిని. “సీ సెట్టు, బాబాయ్. సీ సెట్టు వాళ్ళందరికీ అలాగే వచ్చాయి. అర్జీ పెట్టాము. యంత్రం దిద్దిన పత్రానికి మళ్ళీ దిద్దడం ఉండదని ఆఫీసులో చెప్పారు” అన్నది. ఆమె గొంతులో నా మీద నిష్ఠూరము లేదు. అది నాకు మరింత బాధ కలిగించినది.

మిత్రుడు చెప్పగా నేను ఇంగ్లీషులో నాలుగు పంక్తుల లేఖ వ్రాసి ఆమెకు పంపితిని. తిరిగి దిద్దవలెనని అందులో కోరలేదు. నాలుగు సెట్లకు వేరువేరుగా సగటు మార్కు ఎంతయో తెలుపవలెనని మాత్రమే కోరితిమి. ఆ లేఖ ఒక యువ అధ్యాపకురాలి చేతిలో పడినది. ఆమె ఆ సాయంకాలమే సగటులు తీసి చూచినది. ఏ, బీ, డీ సెట్ల సగటు నలుబదికి దాపున ఉన్నది. సీ సెట్టు సగటు పదునైదునకు దాపున. సీ సెట్టులో రెండవ ప్రశ్నకు ఒక బొమ్మ కలదు. అది మొదటి పుటలో పట్టక, అచ్చుకు కూర్చినవారు ఆ ప్రశ్నను చివరి పుటకు జరిపిరి. కీ మాత్రము పాత వరుసలోనే ఉండిపోయినది. దానితో మూడవ ప్రశ్న మొదలు అన్నియు ఒక్కొక్క మెట్టు పైకి జరిగి, పిల్లల సమాధానములను యంత్రము ప్రక్క ప్రశ్న సమాధానములతో పోల్చి చూచినది. కీ సరిచేసి, దాచియుంచిన బొమ్మలను తిరిగి లెక్కింపగా పని కొన్ని నిమిషములలో ముగిసినదట. మా అమ్మాయికి 46 వచ్చినవి.

ఆ రాత్రి నేనే ఫోను చేసితిని. తప్పు నాదని ఒప్పుకొంటిని. “మీరు నన్ను నమ్మలేదని కాదు బాబాయ్, మీరే నమ్మకపోతే నాకే నా మీద నమ్మకం పోయింది. పుస్తకం తెరిచి చూసుకున్న జవాబులు కూడా తప్పేమో అనుకున్నాను” అన్నది. నాకు జవాబు తోచలేదు.

మిత్రులారా! ఆ పదునొకటి మార్కులలో ఒక్కదానికి కూడ యంత్రము బాధ్యురాలు కాదు. అది తనకు ఇచ్చిన కీతో, తనకు చూపిన నలుపును సరిగనే పోల్చినది. లోపము పుటలు కూర్చినచోట పుట్టినది, కీ సరిచూడనిచోట పెరిగినది, అర్జీకి బదులు చెప్పిన బల్ల వద్ద స్థిరపడినది. మన కార్యాలయములలో ఒక ఫైలు మీద ఎవరు ఏ తేదీన ఏమి వ్రాసిరో కనబడును. తప్పయినను దానికొక సంతకముండును. “యంత్రము దిద్దినది” అను మాటలో సంతకము లేదు. నేను ఇంటిలో ఆ మాటనే వాడితిని. వారు ఆఫీసులో ఆ మాటనే వాడిరి.

న్యాయస్థానములు దీనిని గూర్చి ఎప్పుడో ఆలోచించినవి. ఇదియు 1982 నాటిదే. ఉత్తర ప్రదేశములో వైద్య కళాశాలల ప్రవేశమునకు కాన్పూరు విశ్వవిద్యాలయము జరిపిన బిట్ల పరీక్షలో కొన్ని కీ సమాధానములు తప్పని విద్యార్థులు కోర్టుకు పోయిరి. 1983 లో సుప్రీంకోర్టు, ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్‌గారి నోట, తీర్పు చెప్పినది. కీ సరియైనదనియే ముందు భావింపవలెను. వాదనల మెలికలతో దానిని తప్పు అనరాదు. కాని ఆ శాస్త్రము తెలిసినవారెవ్వరును ఒప్పుకొనజాలనంత స్పష్టముగా తప్పయినప్పుడు, సరియైన సమాధానము వ్రాసిన విద్యార్థిని శిక్షించుట అన్యాయము. తీర్పులో న్యాయమూర్తులు విశ్వవిద్యాలయములకు కొన్ని సూచనలు కూడ చేసిరి. ప్రశ్న కూర్చినవారు ఇచ్చిన కీని మరియొకరు సరిచూడవలెననియు, ఈ రకపు పరీక్షలో వాదమునకు తావు లేదు గనుక ప్రశ్నలు రెండర్థములకు లోబడరాదనియు, లోపము తెలిసిన వెంటనే ఆ ప్రశ్నను లెక్కనుండి తొలగింపవలెననియు వానిలో ముఖ్యములు. కీని బయటపెట్టిన విశ్వవిద్యాలయము చేసిన పనిని వారు మెచ్చుకొనిరి.

మనకు ప్రత్యేకముగా పట్టునది వేరొక సూచన కలదు. ఆ పరీక్ష ప్రశ్నలను ఇంగ్లీషు నుండి హిందీలోనికి మార్చియుండిరి. హిందీ వచ్చినంత మాత్రమున అనువాదకుడు కాలేడు, శాస్త్రపరిభాషయు, అనువాదకళయు రెండును తెలిసియుండవలెనని కోర్టు చెప్పినది. నీట్ ప్రశ్నపత్రము 2017 నుండి తెలుగులోను ఇచ్చుచున్నారు. తెలుగు పాఠమునకును ఇంగ్లీషు పాఠమునకును పొత్తు కుదరనిచో ఇంగ్లీషే ప్రమాణమని నియమము. తెలుగు మాధ్యమములో చదివి, తెలుగు పాఠమునే నమ్మి గడి నింపిన పల్లెటూరి పిల్లకు ఆ నియమము ఎట్లు వినబడునో మనమూహింపవచ్చును. గడి నలుపు మూడువందల మందికి ఒక్కటే. ప్రశ్న మాత్రము అందరికి ఒక్కటి కాదు.

మొన్న 2024 లో నీట్ భౌతికశాస్త్రమున ఒక ప్రశ్న వచ్చినది. పాత పాఠ్యపుస్తకము ఒక మాట, క్రొత్త పాఠ్యపుస్తకము మరియొక మాట చెప్పుటచే, రెండు సమాధానములకును మార్కులిచ్చిరి. విషయము సుప్రీంకోర్టుకు పోగా, ఢిల్లీ ఐ.ఐ.టి. నుండి ముగ్గురు నిపుణులను పిలిచి అడిగించిరి. ఒకటే సరియైనదని తేలినది. ఆ ఒక్క ప్రశ్న మార్కులు సవరించుటతో 720 కి 720 వచ్చినవారు 61 మంది కాస్త 17 మంది అయిరి. యంత్రములు ఎన్ని పత్రములనైన మరల లెక్కించును. ఏది సరి అని చెప్పుటకు మాత్రము ముగ్గురు మనుష్యులు కూర్చుండవలసి వచ్చినది.

ఐనచో పూర్వపు పద్ధతియే మేలా అని కొందరడుగుదురు. నేను సాహిత్యము చదివినవాడను గనుక ఔనని చెప్పుదునని ఆశించుచుందురు. చెప్పను. నూరేండ్లకు పూర్వమే అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అను ఇద్దరు పరిశోధకులు ఒకే వ్యాసపత్రమును నూటికి పైగా ఉపాధ్యాయులచేత దిద్దించి చూచిరి. ఒకరు 50 కి దాపున వేసిన పత్రమునకు వేరొకరు 90 కి పైగా వేసిరి. నా బి.ఏ. రోజులలో ఒక సహాధ్యాయికి 61 మార్కులు జాబితాలో 16 గా దిగినవి. సరిదిద్దించుకొనుటకు అతడు ఎన్ని మారులు తిరిగెనో నాకు తెలియును. కూడికలో యంత్రమునకు సాటి మనుష్యుడు కాడు. ఆ పనిని దానికి విడుచుట మంచిదే. మరి సీసపద్యమునకు ప్రసిద్ధుడైన కవి యెవరు అని అడిగి, శ్రీనాథుడు అను గడిని నల్లజేసినవానికి ఒక మార్కు ఇచ్చినంత మాత్రమున వాడొక సీసము చదివినాడని మాత్రము నమ్మకుడు. (కార్యదర్శిగారు క్షమింతురు గాక; శ్రీనాథుడు మరల వచ్చినాడు.)

పిల్లలకు రెండు మాటలు. సెట్టు సంకేతము, హాలు టికెట్టు సంఖ్య మొదట నింపుడు. చివరకు వాయిదా వేయకుడు. గడిని నిండ రుద్దుడు. యంత్రము మీ మనస్సులోనిది చదువదు. ఇంటికి వచ్చిన పిమ్మట మీకు గుర్తున్న జవాబులను తేదీ వేసి ఒక కాగితము మీద వ్రాసి ఉంచుడు. కీ బయటపెట్టినప్పుడు చదువుడు. తప్పు తోచినచో గడువులోగా వ్రాయుడు. మూడు లక్షలమందిలో ముగ్గురే వ్రాసినారని మరువకుడు. తలిదండ్రులకు నేనేమియు చెప్పను. నాకు ఆ అర్హత లేదు. పిల్ల ఫోను చేసి “అంత పాడుగా రాయలేదు” అన్నప్పుడు, ఏ సెట్టు అని ముందుగా అడుగవలెనని మాత్రము నేను నేర్చుకొంటిని.

మా అమ్మాయి ఇప్పుడు అదే విభాగములో పరిశోధన చేయుచు, బిట్ల పరీక్షలలో అధ్యాపకులకు తోడ్పడుచున్నది. ఫలితములు వెల్లడించుటకు ముందు సెట్ల వారీగా సగటులు వ్రాసిన కాగితము ఒకటి విభాగాధిపతి సంతకమునకు పోవుననియు, ఆ పద్ధతి తన పత్రము తరువాతనే వచ్చినదనియు చెప్పినది.

అధ్యక్షులవారి బల్ల మీద రెండు రూపాయి బిళ్ళలు ఉంచినాను. పిల్లలు కాఫీ సమయమున వచ్చి, ఒకదాని చుట్టు ఒకటి దొర్లించి, ఎన్ని చుట్లు తిరుగునో లెక్కించుకొనవచ్చును. బిళ్ళలు మాత్రము మన కోశాధికారిగారివి. లెక్క అయిన పిమ్మట తిరిగి ఇచ్చివేయవలెను.